సపోర్ట్ లెటర్‌లో ప్రథమ పురుష

చర్చి వాతావరణంలో పెరిగినవాళ్లకి సపోర్ట్ లెటర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. ఇరవై దాటిన అబ్బాయో అమ్మాయో సువార్త పని మీద వేరే దేశం వెళ్లాలనుకుంటారు. రెండు వారాలు కావచ్చు, రెండేళ్లు కావచ్చు. పంపే సంస్థ చాలాసార్లు జీతం ఇవ్వదు, టికెట్ డబ్బులూ ఇవ్వదు. ఉదాహరణకి ఆపరేషన్ మొబిలైజేషన్ వాళ్ల లోగోస్ హోప్ ఓడలో పనిచేసే వాలంటీర్లంతా తమ ఖర్చు తామే సమకూర్చుకుని రావాలి. అందుకని బంధువులకీ, సంఘస్థులకీ, పాత టీచర్లకీ, ఆఫీసు స్నేహితులకీ ఒక ఉత్తరం రాస్తారు. ఇప్పుడది వాట్సాప్‌లో వస్తుంది, కింద క్యూఆర్ కోడ్‌తో. 'క్రీస్తు నామమున వందనములు' అని మొదలవుతుంది. దేవుడు నన్నెలా పిలిచాడు, ఎక్కడికి పిలిచాడు, అక్కడి పరిస్థితి ఎంత దయనీయంగా ఉంది, ఎంత కావాలి, ఎప్పటిలోగా కావాలి - ఇవన్నీ చెప్పి, ఇవ్వలేకపోతే కనీసం ప్రార్థన చెయ్యమని ముగుస్తుంది.

దీన్ని సాహిత్య విమర్శ కిందికి తేవాలా అని అడగొచ్చు. తేవాలనే నా అభిప్రాయం. దీనికి నియమాలున్నాయి, పరంపర ఉంది, గొప్ప నమూనాలున్నాయి, చవకబారు అనుకరణలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. పైగా ఈ ఉత్తరం బాగా కుదిరితే ఒక మనిషి నిజంగానే విమానం ఎక్కుతాడు. కవిత్వానికి ఆపాటి ఫలితం ఉంటే మనం ఎన్ని సెమినార్లు పెట్టేవాళ్లమో! మత ప్రచారం చెయ్యొచ్చా కూడదా అనే వాదన వేరు, దానికి వేరే చోటుంది. ఈ ఉత్తరం మనుషుల్ని ఎలా చూపిస్తుందన్నదే ఇక్కడ నా ప్రశ్న.

బళ్లో చదువుకున్న వ్యాకరణం గుర్తు తెచ్చుకోండి. నేను, మేము అంటే ఉత్తమ పురుష. నువ్వు, మీరు అంటే మధ్యమ పురుష. వాడు, ఆమె, వాళ్లు అంటే ప్రథమ పురుష. ఇంగ్లిష్ వాడు మూడో మనిషి అన్నవాణ్ణి మన వ్యాకరణం మొదటివాడంది. సపోర్ట్ లెటర్‌లో ఈ ముగ్గురూ ఉంటారు. నేను వెళ్తాను, మీరు ఇస్తారు, వాళ్లు చీకట్లో ఉన్నారు. నేనూ మీరూ ఒకరికొకరం తెలుసు, రేపు ఆదివారం మళ్లీ కలుస్తాం. వాళ్లకి మాత్రం ఈ ఉత్తరం అందదు. తమ గురించి ఏం రాశారో వాళ్లకెప్పటికీ తెలియదు. అందని వాళ్ల గురించి ఎలా రాశారన్నదాన్ని బట్టే సపోర్ట్ లెటర్ మంచిచెడ్డలు తేల్చాలని నేనంటాను. ఆ మాట అనడానికి తెలుగువాళ్లకి ప్రత్యేకమైన హక్కుంది కూడా. దాదాపు రెండు శతాబ్దాలుగా చాలా ఉత్తరాల్లో ఆ 'వాళ్లు' మనమే.

ముందు ఈ ఉత్తరం పనిచేసే పద్ధతి చూద్దాం. అడగడం అంటేనే చిన్నబోవడం. విష్ణువంతటివాడు కూడా మూడడుగుల నేల అడగడానికి వామనుడు కావలసివచ్చింది. ఉద్యోగం చేసుకోగలిగిన వయసులో, డిగ్రీ చేతిలో పెట్టుకుని, పిన్నినీ పెదనాన్ననీ డబ్బులడగాలంటే ఎవరికైనా ముఖం చెల్లదు. ఆ చిన్నతనం నుంచి తప్పించుకునే దారి ఒకటుంది: తనకంటే చిన్నవాళ్లని చూపించడం. బోసి కాళ్ల పిల్లలు, మంచినీళ్లు లేని ఊరు, వాక్యం వినని జాతి. వాళ్లని పక్కన నిలబెట్టగానే అడిగేవాడు యాచకుడిలా కాకుండా వకీలులా కనిపిస్తాడు. అడిగేది తన టికెట్ కోసమే అయినా, వాళ్ల కోసం అడుగుతున్నట్టు చదువుకుంటాం. ఇందులో మోసం ఉందని నేననను. రాసేవాళ్లలో ఎక్కువమంది నిజాయితీపరులు. ప్రక్రియే వాళ్లని అటు తోస్తుంది.

అయితే ఈ ప్రక్రియ మొదట్లో ఇలా లేదు. దీనికి మూలపురుషుడు పౌలు. రోమీయులకు రాసిన పత్రికని వేదాంత గ్రంథంగా చదవడం మనకి అలవాటు. పదిహేనో అధ్యాయానికి వచ్చేసరికి అసలు పని బయటపడుతుంది. ఆయనకి స్పెయిన్ వెళ్లాలని ఉంది. దారిలో రోములో ఆగుతాడు. అక్కడివాళ్లు తనని ముందుకు సాగనంపాలి. సాగనంపడం అంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపడం అనుకోకండి. దారిఖర్చు, తిండి, తోడు చూసి పంపడం అనే అర్థం ఆ గ్రీకు మాటలో ఉంది. అప్పటికి పౌలు రోము నగరం చూడనే లేదు. కలిసి కూర్చోని సంఘాన్ని ప్రయాణానికి సాయమడుగుతున్నాడు.

ఇప్పుడు ఆ పత్రికలో స్పెయిన్ వాళ్ల దుస్థితి గురించి ఎన్ని మాటలున్నాయో వెతకండి. ఒక్కటి కూడా లేదు. స్పెయిన్ పేరు రెండుసార్లు వస్తుంది, అంతే. మొదటి అధ్యాయంలో లోకంలోని పాపాల చిట్టా పెద్దదే ఉంది. అది చదివి రోము వాళ్లు తలూపుతుండగానే రెండో అధ్యాయం మొదట్లో వేలు వాళ్లవైపే తిప్పేస్తాడు: తీర్పు తీర్చే నువ్వూ అవే చేస్తున్నావు కదా అని. రాబర్ట్ జ్యూయెట్ అనే బైబిలు పండితుడు 2007లో వచ్చిన తన వ్యాఖ్యానంలో ఈ పత్రిక మొత్తాన్నీ స్పెయిన్ ప్రయాణం వైపు నుంచి చదివాడు. రోము వాళ్లు అనాగరికులని ఈసడించే జనం దగ్గరికి వెళ్లాలంటే, ముందు రోము సంఘాల్లోనే ఉన్న ఎక్కువతక్కువల పట్టింపు పోవాలి. లేకపోతే సువార్త కూడా సామ్రాజ్యం పొగరుతోనే వెళ్తుంది. స్థూలంగా ఆయన వాదన అది. అంటే ఈ సపోర్ట్ లెటర్‌లో బాగుపడాల్సింది ముందుగా డబ్బిచ్చేవాళ్లు.

అదే అధ్యాయంలో ఇంకో సంగతుంది. మాసిదోనియ, అకయ సంఘాలు పోగుచేసిన చందా పట్టుకుని పౌలు యెరూషలేము వెళ్తున్నాడు. అక్కడి పేదలకి ఇవ్వాలి. కానీ వాళ్లు దాన్ని తీసుకుంటారో లేదో అని ఆయనకి భయం. తీసుకునేలా ప్రార్థించమని రోము వాళ్లని అడుగుతాడు. పేదలు వద్దనొచ్చు, వద్దనే హక్కు వాళ్లకుంది అని జంకే దూతని ఇవాళ్టి సపోర్ట్ లెటర్లలో చూపించండి చూద్దాం. పౌలు మరీ అమాయకుడని కాదు. కొరింథు వాళ్లకి రాసేటప్పుడు మాసిదోనియ వాళ్లు అంత లేమిలో కూడా ఎలా ఇచ్చారో చెప్పి పౌరుషం రేపుతాడు. ఆ కిటుకు ఇవాళ్టికీ పనిచేస్తుంది. కానీ ఆ పౌరుషం కోసం ఆయన పొగిడింది ఇచ్చిన పేదల్ని. తీసుకునే పేదల్ని చిన్నబుచ్చలేదు.

ఆధునిక కాలంలో ఈ ఉత్తరానికి కొత్త రూపం ఇచ్చినవాడు విలియం కేరీ. ఇంగ్లండులో చెప్పులు కుట్టే పని నేర్చి, తర్వాత బోధకుడైనవాడు. 1792లో ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో ప్రపంచ దేశాలన్నిటికీ పట్టికలున్నాయి: పొడవెంత, వెడల్పెంత, జనమెంత, మతమేమిటి. అవతలివాళ్లు దూరంగా ఉన్నారు, అనాగరికులు, చంపేస్తారు, తిండి దొరకదు, భాష రాదు అనే అభ్యంతరాలు తీసుకుని ఒక్కొక్కదానికీ జవాబు చెబుతాడు. వ్యాపారులు తోళ్ల కోసం పోగా లేనిది మనం పోలేమా అంటాడు. డబ్బెలా అంటే, సంఘంలో ప్రతివాళ్లూ వారానికి ఒక పెన్నీ వేసుకుందామంటాడు. ఆ ఏడాది అక్టోబరు 2న కెట్టరింగ్ అనే ఊళ్లో ఒక ఇంట్లో కొద్దిమంది కూడి 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు ఇస్తామని రాసిచ్చారు. మరుసటేడు కేరీ బెంగాల్ వచ్చాడు.

ఆ పెన్నీ ఆలోచన గొప్పది. జమీందారు దానం మీద కాకుండా కూలివాడి చిల్లర మీద నిలబడే ప్రయాణం అది. పట్టికల సంగతే వేరు. వాటిలో ప్రథమ పురుష ఒక గడిలో అంకె అయిపోయాడు. పౌలు వాళ్ల గురించి ఏమీ చెప్పలేదు, కేరీ లెక్కచెప్పాడు. ఆ తర్వాతివాళ్లు ఆ లెక్కకి కన్నీళ్లు కలిపారు. ఇదే కేరీ తర్వాత శ్రీరాంపూర్‌లో కూర్చుని మన భాషకి వ్యాకరణం రాసి 1814లో అచ్చువేశాడు. వాళ్ల క్రియాపదాలు నేర్చుకోవడం మొదలుపెట్టాక వాళ్లని గడిలో ఇరికించడం కష్టం. పట్టిక వేసిన కేరీకీ వ్యాకరణం రాసిన కేరీకీ మధ్య ఇరవైరెండేళ్ల దూరం ఉంది. ఇవాళ రెండు వారాల ట్రిప్‌కి వెళ్లేవాళ్లకి ఆ దూరం నడిచే వ్యవధి లేదు.

ఇక మన వంతు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో బాప్టిస్టు మిషన్ సభ జరిగింది. నెల్లూరు మిషన్‌లో ఏళ్ల తరబడి డబ్బు పోయడమే తప్ప ఫలితం లేదు, మూసేద్దామా అని చర్చ. మిషన్ కేంద్రాలన్నీ చుక్కలుగా గుర్తుపెట్టిన పటంలో తెలుగు నేల మీద ఒక్క నెల్లూరే ఉంది. ఒకాయన దాన్ని ఒంటరి తార అన్నాడు. అమెరికన్లు దేశభక్తి గీతంగా పాడుకునే 'అమెరికా' రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ సభలోనే ఉన్నాడు. రాత్రికి రాత్రి ఆ తార మీద ఒక పద్యం రాసిచ్చాడు. మర్నాడు చదివారు, సభ కరిగింది, మిషన్ బతికింది. దానికి లోన్ స్టార్ మిషన్ అనే పేరు నిలిచిపోయింది. ఒక పద్యం వల్ల నిధులు ఆగకుండా సాగిన సందర్భాలు సాహిత్య చరిత్రలో ఎన్నుంటాయి?

తెలుగు సాహిత్యం చదివినవాళ్లకి ఇక్కడ చురుక్కుమంటుంది. నెల్లూరంటే మనకి తిక్కన. మహాభారతం పదిహేను పర్వాలు తెలుగైన ఊరు. ఆ ఊరు ఆల్బనీ పటంలో చీకటి, అందులో అమెరికా వాళ్లు వెలిగించిన ఒకే ఒక్క చుక్క. ఈ కోపం న్యాయమైనదే. కానీ అక్కడే ఆగిపోతే మనమూ అదే తప్పు చేస్తాం. తిక్కన నెల్లూరులో ఎవరికి చోటుంది? భారతం విన్న సభలో మాదిగపల్లె ఎక్కడ కూర్చుంది? ఒంటరి తార పద్యం రాసినవాడికి పల్లెలు కనపడలేదు. దానిమీద అలిగే మనకీ చాలాసార్లు కనపడవు. ప్రథమ పురుష రెండు చోట్లా బయటే నిలబడ్డాడు.

ఆ నిలబడ్డవాడికి ఒక పేరుంది: యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. గురువుల దగ్గర యోగం నేర్చుకున్న అన్వేషి. 1866లో బాప్తిస్మం తీసుకుని, తోళ్ల కోసం తిరిగిన దారుల్లోనే తిరుగుతూ బంధువులకీ తోటివాళ్లకీ చెప్పాడు. ఒంగోలు కేంద్రంగా నడిచిన ఉద్యమానికి ఆ దారులే నరాలు. క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పనిచ్చాడు. తిండికోసం మతం మారారనే మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె సముద్రాలు దాటింది. చందాలడిగే చోటల్లా వల్లించడానికి అంతకంటే వీలైన అంకె దొరకదు. పేరయ్య అంత తేలిగ్గా దాటలేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అని మాదిగల కథలతో ఒక పుస్తకం వేసింది. ఆమె కూడా విదేశీయురాలే, ఆ పుస్తకంలోనూ ఆ కాలపు చూపు ఉంది. అయినా కూర్చుని, అడిగి, విని రాసింది. అందుకే దాన్లో మనుషులు మిగిలారు.

అసలు అడగకుండా ఉండే దారి లేదా? అదీ ప్రయత్నించారు. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ మనుషుల్ని డబ్బడగనని, దేవుణ్ణే అడుగుతానని పట్టుపట్టాడు. ఆయన బావమరిది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌ది కూడా అదే దారి. 1836లో గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం చేరి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. వెనక జీతమిచ్చే సొసైటీ లేదు. ఈ నిష్ఠని తక్కువ చెయ్యలేం. కాకపోతే ముల్లర్ ఏ రోజు ఎంత అవసరపడిందో, ఎలా అందిందో పూసగుచ్చినట్టు రాసి పుస్తకాలు వేశాడు. అవి చదివినవాళ్లు ఊరుకుంటారా, పంపారు. అడగనని ప్రకటించడం కూడా ఒక శైలే. అయితే ఇందులో ఒక మేలుంది. అవసరం తనదేనని రాసేవాడు ఒప్పుకుంటాడు. పస్తున్నది మా ఇల్లు అంటాడు, అవతలివాళ్ల పస్తుని అరువు తెచ్చుకోడు.

ఇవాళ్టి ఉత్తరం ఈ అరువు మీదే బతుకుతోంది. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ని ఊడ్చేశాక అమెరికా చర్చిల నుంచి జట్లుజట్లుగా వెళ్లి ఇళ్లు కట్టారు. కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత లెక్కతీస్తే, ప్రయాణ ఖర్చులతో కలిపి విదేశీ జట్టు కట్టిన ఇంటికి సుమారు 30,000 డాలర్లు, స్థానిక సంస్థ కట్టిన ఇంటికి సుమారు 2,000 డాలర్లు పడ్డాయి. అంటే ఒక ఇంటి డబ్బుతో పదిహేను. పోనీ వెళ్లొచ్చినవాళ్ల జీవితాలైనా మారాయా, తర్వాత దానం పెరిగిందా అని చూస్తే, చెప్పుకోదగ్గంతగా లేదు. సపోర్ట్ లెటర్లో ఈ పదిహేనుకి ఒకటి లెక్క రాయరు. రాస్తే ఉత్తరం వేరే అవుతుంది: 'నాకు ఆ దేశం చూడాలనుంది, నేర్చుకోవాలనుంది, దానికింత అవుతుంది' అని. నిజానికి ఇది అవమానకరమైన కోరికేమీ కాదు. 1968లో మెక్సికోలో ఇవాన్ ఇలిచ్, తానే కేథలిక్ ప్రీస్టు, అమెరికన్ విద్యార్థి వాలంటీర్ల ముఖం మీదే ఇంచుమించు ఇదే చెప్పాడు. చూడ్డానికి రండి, చదువుకోడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రాకండి అని.

తెలుగు సపోర్ట్ లెటర్‌కి దాని సొంత మాట ఒకటుంది: భారం. 'నాకు ఆ దేశం పట్ల భారం ఉంది', 'ఆత్మల భారం'. చాలా అందమైన మాట, ఇంగ్లిష్ నమూనాల్లో ఉన్నదానికంటే మనదాన్లో బరువెక్కువ. కానీ ఈ మాట ఎవరి వీపు మీద పడుతోందో చూడండి. ఎత్తుకున్నది రాసేవాళ్లు, బరువు మాత్రం అవతలివాళ్లు. మనల్ని ఎవరైనా బరువు అంటే ఎలా ఉంటుంది? ఒకప్పుడు బోస్టన్‌లో మన గురించి పడిన భారం ఇప్పుడు హైదరాబాద్, విజయవాడల్లో ఇంకెవరి గురించో పడుతోంది. నిన్నటి ప్రథమ పురుష ఇవాళ ఉత్తమ పురుష అయ్యాడు. అది ఎదుగుదలే. పాత ఉత్తరాన్ని పేర్లు మార్చి కాపీ చేస్తే మాత్రం ఎదుగుదల అనిపించుకోదు.

దీనికి వేరే పరంపర కూడా మన దగ్గరే ఉంది. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు, వేదనాయగం అజరయ్య ముందుండి నడిపించగా, తమ డబ్బుతో తమ మనుషుల్ని పంపే సంఘం పెట్టుకుని దోర్నకల్ ప్రాంతానికి వచ్చారు. అజరయ్య తెలుగు నేర్చుకున్నాడు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో మహాసభలో పాశ్చాత్య మిషనరీలతో ఆయన అన్నదాని సారం ఇది: మీ త్యాగాలకి కృతజ్ఞులం, కానీ మాకు కావలసింది స్నేహం. ఉత్తరంలో 'వాళ్లు'గా ఉన్నవాడు లేచి 'మీరు' అని సంబోధించడం అంటే అదే. మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్లు వంటకి ముందు పిడికెడు బియ్యం తీసి చర్చికి పక్కన పెడతారు. ఆ బియ్యం డబ్బుతో మిషనరీలు వెళ్తున్నారు. పిడికెడు తీసిపెట్టే మనిషికి తనకంటే పేదవాడి ఫోటో చూపించనక్కర్లేదు. అడిగేవాడు చిన్నబోయే పనీ లేదు, అడక్కుండానే రోజూ పొయ్యి దగ్గర ఇచ్చేస్తోంది.

జాషువా 'గబ్బిలం' కూడా ఒకరకంగా ఇలాంటి ఉత్తరమేనని నాకనిపిస్తుంది. 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, గుళ్లో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుకుంటాడు. ఎన్నో నివేదికల్లో 'దయనీయమైన స్థితిలో ఉన్నారు' అనే ఒక వాక్యంలో ఇరుక్కున్న మనిషి, అందులో నోరు తెరిచి 'నేను' అంటాడు. డబ్బడగడు. దయ అడగడు. లెక్క అడుగుతాడు. వినుకొండ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి రాసిన ఈ కావ్యాన్ని సపోర్ట్ లెటర్ రాయబోయే ప్రతి తెలుగు కుర్రవాడూ, అమ్మాయీ ఒకసారి చదవాలి. మనం వర్ణించే 'వాళ్లు' పెన్ను పట్టుకుంటే ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది.

కాబట్టి నా సూచన చాలా చిన్నది. ఉత్తరం పంపేముందు దాన్ని మీరు వెళ్లబోయే ఊళ్లో ఒకరికి, వాళ్ల భాషలో, చదివి వినిపించండి. ఫోన్లు ఉన్న కాలంలో ఇది కష్టం కాదు. వాళ్లు ఏ వాక్యం దగ్గర ముఖం తిప్పుకుంటారో ఆ వాక్యం కొట్టెయ్యండి. ఏ ఫోటో వద్దంటారో అది తీసెయ్యండి. అసలు రావద్దంటే, యెరూషలేము విషయంలో పౌలు పడిన భయం గుర్తుచేసుకుని, ఆ మాట కూడా వినండి. రమ్మంటే, ఎవరు రమ్మన్నారో, ఎందుకో ఉత్తరంలో పేరుపెట్టి రాయండి. టికెట్ ఎంత, వీసా ఎంత, అక్కడ మీరు నేర్చుకునేదేమిటి, ఆ ఊరికి నిజంగా చేరేది ఎంత అన్నది విడివిడిగా చెప్పండి. అలాంటి ఉత్తరానికి వచ్చే డబ్బు తక్కువే కావచ్చు. ఆ డబ్బుతో ఎంత దూరం వెళ్లగలిగితే అంత దూరమే వెళ్లండి.